విమానపు లోకప్పు గుడ్డ

తార్నాక నుండి ఉప్పల్ పోవు బాట హైదరాబాదు నగరమునకు తూర్పు దిక్కున ఉన్నది. ఈ బాట వెంబడి శాస్త్ర సంస్థలు వరుసగా నిలిచి ఉన్నవి. మొదట భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, దాని సమీపమున కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, మరికొంత దూరమున జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కనిపించును. ఉప్పల్ చేరిన పిదప సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ వచ్చును. హబ్సిగూడ చౌరస్తాలో ఎడమ ప్రక్కకు తిరిగినచో అది నాచారము పారిశ్రామికవాడకు దారి.

ఈ చుట్టుప్రక్కల విమానాశ్రయము లేదు. చాల కాలము నగరమునకు వచ్చు విమానములు బేగంపేటలో దిగుచుండెడివి. అయినను విమానమునకును ఈ బాటకును ఒక సంబంధము కలదు. అది ఉక్కుతోను, అల్యూమినియముతోను ఏర్పడినది కాదు. గుడ్డతోను, నూనెతోను ఏర్పడినది.

ఇద్దరు గాని, నలుగురు గాని కూర్చుండుటకు వీలైన చిన్న విమానములో ఎక్కి తల ఎత్తి చూచినచో, జానెడు ఎత్తున ఒక గుడ్డ బిగువుగా పరచి యుండును. ఇదియే లోకప్పు గుడ్డ. ఎండకు, చెమటకు, సిగరెట్టు పొగకు ఇది కొన్ని సంవత్సరములలో మాసి, చివికి, వ్రేలాడసాగును. అప్పుడు దానిని మార్చవలెను. మోటారు కారు లోకప్పు మాసినచో బజారులో నచ్చిన గుడ్డ కొని, సీట్లు కుట్టువానికి ఇచ్చిన చాలును. విమానమునకు అట్లు చేయరాదు. ఎందుకు చేయరాదు? గుడ్డ గుడ్డయే కదా? ఈ చిన్న ప్రశ్నకు జవాబు తెలిసికొనుటకు రెండు వందల యేండ్లకు మించిన రసాయనశాస్త్ర చరిత్రను చూడవలసి యుండును.

విమానమే గుడ్డగా ఉన్న కాలము

1903 డిసెంబరు 17వ తేదీన రైటు సోదరులు ఎగిరించిన విమానమునకు లోకప్పు లేదు. ఆ మాటకు వచ్చినచో గదియే లేదు. కాని గుడ్డ మాత్రము ఉండెను. దాని రెక్కలు కర్రచట్రముపై సన్నని నూలు గుడ్డ కప్పి చేసినవి. ఆ గుడ్డపై ఏ పూతయు లేదు. అందువలన గాలి కొంత దానిగుండా దూరుచుండెను. తేమకు గుడ్డ వదులగుచుండెను.

వదులైన గుడ్డ రెక్కకు పనికిరాదు. రెక్క ఆకారము చెడినచో దానిని పైకెత్తు బలము తగ్గును. ఈ లోపమును పోగొట్టుటకు కనుగొన్న ద్రవమే డోపు. సెల్యులోజు నైట్రేటును గాని, సెల్యులోజు ఎసిటేటును గాని త్వరగా ఆవిరియగు ద్రావణిలో కరగించినచో డోపు తయారగును. దీనిని నారగుడ్డపై పొరలు పొరలుగా పూయుదురు. ద్రావణి ఆవిరైపోవుకొలది మిగిలిన పొర కుంచించుకొని, గుడ్డను తనతో లాగుకొనును. డప్పుపై తోలువలె గుడ్డ బిగియును. రంధ్రములు మూసికొనిపోయి గాలి చొరదు. వాన తడి అంటదు.

ఇంత ఉపకారము చేసిన డోపు రెండు అపకారములను కూడ వెంట తెచ్చెను. మొదటిది విషము. మొదటి ప్రపంచ యుద్ధపు తొలి సంవత్సరములలో ఇంగ్లండునందు విమాన కర్మాగారములలో డోపు పూయు పనివారు పచ్చకామెర్లవంటి జబ్బుతో పడిపోవసాగిరి, కొందరు మరణించిరి. ఎసిటేటును కరగించుటకు వాడిన టెట్రాక్లోరోఈథేన్ ఆవిరి వారి కాలేయమును పాడుచేసినదని వైద్యులు తేల్చిరి. ఆ పనివారిలో పలువురు స్త్రీలు. యుద్ధము ముగియకముందే ఆ ద్రావణిని మాని వేరొక ద్రావణులను తీసికొనిరి.

రెండవ అపకారము నిప్పు. సెల్యులోజు నైట్రేటు తుపాకిమందు తరగతికి చెందిన పదార్థము. ఒక రవ్వ పడినచో విమానము నిముషములలో బూడిదయగును. ఎసిటేటు డోపు అంత వేగముగా మండదు. దానిని మెత్తబరచుటకు ట్రైఫినైల్ ఫాస్ఫేటును కలుపుచుండిరి. ఈ ఫాస్ఫేటు మెత్తదనముతో పాటు నిప్పును అణచు గుణమును కూడ ఇచ్చెను. ఫాస్ఫరసు అను మూలకమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు మరల దానితో పని పడును.

ఆముదము చేసిన సాయము

డోపు పొర ఎండి గాజువలె పెళుసుబారినచో పగుళ్ళు తీయును. అట్లు కాకుండ దానిలో ఒక మెత్తని నూనెను కలుపవలెను. నైట్రేటు డోపునకు ఆ విధముగా వాడిన ముఖ్యమైన నూనె ఆముదము.

విమానమునకు ఆముదముతో మరియొక పని కూడ ఉండెను. 1909 ప్రాంతమున ఫ్రాన్సులో వచ్చిన నోమ్ యంత్రములో సిలిండర్లే పంఖాతో కలసి గిరగిర తిరుగుచుండెను. పెట్రోలు, గాలి కలసిన మిశ్రమము యంత్రపు కడుపుగుండా పోయి సిలిండర్లను చేరుచుండెను. నేలనూనె పెట్రోలులో కరగి పలుచనైపోవును. ఆముదము పెట్రోలులో అంతగా కరగదు. కాబట్టి యంత్రమునకు నూనెగా ఆముదమునే పోసిరి. కాలని ఆముదపు తుంపర గాలిలో వెనుకకు వచ్చి, చోదకుల ముఖములపై పడి, నోటిలోనికి పోవుచుండెను. దాని ఫలితము మన ఇండ్లలో పిల్లలకును తెలిసినదే.

ఆముదమునకు ఈ గుణము ఎట్లు వచ్చినది? దానిలో నూటికి 85 మొదలు 90 వంతుల వరకు రిసినోలియిక్ ఆమ్లము ఉన్నది. ఈ ఆమ్లపు గొలుసులో 12వ కర్బన పరమాణువుపై ఒక హైడ్రాక్సిల్ సముదాయము ఉండును. నువ్వులనూనెలోను, వేరుసెనగనూనెలోను ఇట్టిది లేదు. ఈ హైడ్రాక్సిల్ వలననే ఆముదము చిక్కగా ఉండును, ఆల్కహాలులో కరగును, పెట్రోలునకు దూరముగా ఉండును.

తెలంగాణపు మెట్టనేలలు ఆముదమునకు పేరు పొందినవి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలో ఎర్ర చెల్క భూములపై, వాన తక్కువైన సంవత్సరమునను ఆముదపు చెట్టు నిలిచెడిది. బ్రిటిషు కాలమున దేశములో ఆముదము విరివిగా పండించిన ప్రాంతములలో హైదరాబాదు సంస్థానము ఒకటి. నేడు ఈ పంటలో గుజరాతు ముందున్నది.

ఈ సంపదను గింజగా అమ్ముకొనుట కన్న, దానినుండి వస్తువులు చేసికొనుట మేలు గదా. 1944లో హైదరాబాదు సంస్థాన ప్రభుత్వము శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనల కొరకు కేంద్ర ప్రయోగశాలలను స్థాపించెను. డాక్టరు సయ్యద్ హుసేన్ జహీర్ వాటిని నడిపి పెంచినవారిలో ముఖ్యులు; ఆయన 1962లో దేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి అధిపతియై ఢిల్లీ వెళ్ళిరి. ఆ ప్రయోగశాలలు 1956లో మండలిలో చేరి ప్రాంతీయ పరిశోధనశాల అయ్యెను. 1989లో దానికి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అని పేరు వచ్చెను. ఉప్పల్ బాటపై మొదట కనిపించు సంస్థ ఇదియే. నూనెలు, కొవ్వులు, రెసిన్లు, పూతలు దాని పరిశోధనలలో ముఖ్యమైన విషయములు. ఆముదమునుండి నీటిని తొలగించినచో త్వరగా ఎండు రంగునూనె వచ్చును; దానిని ఐసోసయనేటులతో కలిపినచో పాలియురిథేన్ పూతలు, జిగురులు, స్పంజివంటి నురుగులు వచ్చును; వేడికి విడగొట్టినచో ఒక జాతి నైలానునకు ముడిసరకు వచ్చును. గుడ్డలోను, గుడ్డ వెనుక జిగురులోను, జిగురు వెనుక నురుగులోను ఆముదపు సంతతి ఉండవచ్చునన్న మాట.

హైదరాబాదులో ఎగిరిన గుడ్డ

1930వ దశకమున బేగంపేటలో విమానములు ఎగురసాగెను. ఆనాటి శిక్షణ విమానములలో మిక్కిలి ప్రసిద్ధమైనది టైగర్ మాత్. దానికి రెండంతస్తుల రెక్కలు, తెరచి ఉన్న కూర్చొనుచోట్లు, ఒడలంతయు డోపు పూసిన గుడ్డ. 1945లో నిజాము ప్రభుత్వము, టాటా సంస్థ కలసి డెక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించినవి. మరుసటి సంవత్సరము అది డకోటా విమానములతో ప్రయాణికులను తీసికొని పోసాగెను. 1953లో విమాన సంస్థలు జాతీయము కాగా అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలసెను. డకోటా ఒడలు అల్యూమినియముతో చేసినది. అయినను దాని తోకపై కదలు పలకలకు గుడ్డయే కప్పుచుండిరి.

1958 సెప్టెంబరు 28వ తేదీన బెంగుళూరులో పుష్పక్ అను రెండు కూర్చొనుచోట్ల విమానము మొదటిసారి ఎగిరెను. డాక్టరు వి.ఎం. ఘాటగే నాయకత్వమున హిందూస్థాన్ విమాన కర్మాగారమువారు తయారుచేసిన ఈ విమానము దేశమందలి ఫ్లయింగు క్లబ్బులలో విరివిగా వాడబడెను. ఉక్కు గొట్టముల చట్రము, పైన గుడ్డ: ఇది దాని నిర్మాణము. దానిలో మాత్రము చోదకుడు తెరచిన గాలిలో గాక, మూసిన గదిలో కూర్చుండును. ఉప్పల్‌కు దక్షిణమున నాదర్‌గుల్‌లోని చిన్న మైదానము శిక్షణ విమానములకు చోటిచ్చెను. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరచిన పిదప ప్రయాణికుల విమానములు బేగంపేటను విడిచిపోయెను.

గది మూసిన పిదప కొత్త చిక్కులు పుట్టెను. యంత్రపు రొద లోహపు రేకులపై పడి మారుమ్రోగును. పైకి పోయినకొలది చలి హెచ్చును. ప్రయాణికుల ఊపిరిలోని నీటియావిరి చల్లని రేకుపై చినుకులుగా గట్టి తలపై రాలును. తీగలు, గొట్టములు, మేకుల తలలు బయటికి కనిపించును. కుదుపు వచ్చినప్పుడు తలకు తగులును. ఈ నాలుగు బాధలకు ఒకటే మందుగా లోకప్పు గుడ్డ వచ్చెను. గుడ్డ విమానము వెలుపలినుండి లోపలికి వచ్చినదని చెప్పవచ్చును. 1946లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన సెస్నా 140 వంటి విమానములకు గుడ్డ లోకప్పే ఉండెను. తరువాతి కాలపు విమానములలో పెక్కింటికి అచ్చు పోసిన ప్లాస్టిక్ పలకలు వచ్చెను. అవి ఎండకు పెళుసుబారి పగిలిపోగా, కొందరు యజమానులు మరల గుడ్డకే తిరిగి వచ్చిరి.

గుడ్డను మార్చు విధము

పాత గుడ్డను చింపి పారవేయరాదు. అదియే కొత్త గుడ్డకు కొలత. లోకప్పు గుడ్డ వెనుక అడ్డముగా కొన్ని గొట్టపు సంచులు కుట్టి యుండును. ఒక్కొక్క సంచిలో ఒక్కొక్క ఉక్కుతీగ విల్లు దూర్చి యుండును. విల్లు రెండు కొనలు గది ఇరుప్రక్కల ఉన్న రంధ్రములలో రబ్బరు తొడుగులపై కూర్చుండును. విల్లు పైకి వంగి గుడ్డను ఎత్తి పట్టుకొనును. గొడుగు ఊచలు గుడ్డను పట్టుకొనునట్లే ఇది కూడ.

ఈ విండ్లు అన్నియు ఒకే వంపుగలవి కావు. ముందు భాగమున గది వెడల్పు, వెనుక ఇరుకు. కాబట్టి తీయునప్పుడే ముందునుండి వెనుకకు 1, 2, 3 అని అంకెలు కట్టి, ఏ అంచు ఎటు ఉండునో గుర్తు పెట్టవలెను. ఈ చిన్న జాగ్రత్త మరచినవాడు తరువాత రెండు దినములు వెదుకుకొనవలసి వచ్చును. పాత గుడ్డ కుట్లు విప్పి, కొత్త గుడ్డపై పరచి, గీత గీసి, కుట్టుకు కావలసిన అంచు వదలి కత్తిరింతురు. సంచులు పాత చోటులనే కుట్టుదురు. ఒక సంచి వ్రేలెడు జరిగినచో కప్పు అంతయు ముడుతలు పడును. పిదప విండ్లను ఒకదాని తరువాత ఒకటి నిలిపి, గుడ్డను ముందునకు, వెనుకకు లాగి, నడుమనుండి ప్రక్కలకు బిగించుచు, అంచులను పళ్ళుగల పట్టీలకు తగిలింతురు, లేదా జిగురుతో అంటింతురు. జిగురు ఆవిరి ఇరుకైన గదిలో నిలిచి తల తిరుగునట్లు చేయును. కావున తలుపులు తెరచి, గాలి ఆడునట్లు చూడవలెను. డోపు పనివారి అనుభవము ఇక్కడ కూడ పాఠమే.

గుడ్డ తీసిన సమయము విమానపు వైద్య పరీక్షకు తగిన సమయము. సంవత్సరముల తరబడి కంటికి కానరాని చోటులు అప్పుడు కనబడును. రెక్క ఒడలితో కలియుచోట తుప్పు పట్టినదా? రెక్కలలోని పెట్రోలు గొట్టములు చెమర్చుచున్నవా? తీగలపై పొర పగిలినదా? షెడ్డులో నిలిచిన విమానములో ఎలుకలు గూడు కట్టుట పరిపాటి. వాటి మూత్రము అల్యూమినియమును తినివేయును. గుడ్డపై ఒక మరక చూచి, అది వాననీరా, ఎలుక పనియా, పెట్రోలా అని అడిగి తెలిసికొనువాడే మంచి పనివాడు.

బరువు సంగతి కూడ ఉన్నది. లోకప్పునకు 4 చదరపు మీటర్ల గుడ్డ పట్టునని అనుకొందము. చదరపు మీటరు గుడ్డ 300 గ్రాములు తూగినచో మొత్తము 1.2 కిలోలు. దీనికి బదులు స్పంజి అంటించిన 600 గ్రాముల గుడ్డ వేసినచో 2.4 కిలోలు అగును. ఇది పెద్ద భేదము కాకపోవచ్చును; కాని చిన్న విమానములో ప్రతి మార్పునకును లెక్క ఉండవలెను. పని ముగిసిన పిదప విమానపు దినచర్య పుస్తకములో దానిని వ్రాసి, లైసెన్సు గల ఇంజనీరు సంతకము చేయవలెను. ఆ సంతకమునకు ముందు ఇంజనీరు అడుగు మొదటి ప్రశ్న గుడ్డ రంగును గూర్చి కాదు. అది ఎట్లు మండునని.

గుడ్డకు నిప్పు అంటకుండ చేయు యత్నములు

గుడ్డ మండకుండ చేయవలెనను ఆలోచన విమానము కన్న ప్రాచీనమైనది. 1735లో ఇంగ్లండునందు ఒబడయా వైల్డ్ అను నతడు పటిక, వెలిగారము, అన్నభేది కలిపిన ద్రవమునకు పేటెంటు పొందెను. 1783లో ఫ్రాన్సునందు మాంగొల్ఫియే సోదరులు కాగితము, గుడ్డలతో చేసిన పొగబుడగను ఎగురవేసిరి. దాని క్రింద నిప్పు మండుచుండును. కావున దానికి పటిక పూసిరి. గాలిలో ఎగురు వాహనమునకు నిప్పు అంటకుండ మందు పూయుట అప్పుడే మొదలైనదన్న మాట.

నాటకశాలలలో తెరలు అంటుకొని ప్రజలు చనిపోవుచుండగా, ఫ్రెంచి రాజు 18వ లూయీ ఈ సమస్యను రసాయన శాస్త్రజ్ఞుడు గే-లుసాక్‌కు అప్పగించెను. మన విద్యార్థులు వాయువుల ఘనపరిమాణ నియమమునందు చదువు గే-లుసాక్ ఈయనయే. 1821లో ఆయన తన ఫలితములను ప్రకటించెను. అమ్మోనియం ఫాస్ఫేటు, అమ్మోనియం క్లోరైడు, వెలిగారము మొదలగువాని మిశ్రమములు మేలైనవని చూపెను. 20వ శతాబ్దపు ఆరంభమున ఇంగ్లండులో విలియం హెన్రీ పెర్కిన్ చిన్నవారు నూలు పోగులలోనే తగరపు ఆక్సైడును నిలుపు పద్ధతిని కనుగొనిరి. కృత్రిమ రంగును కనుగొన్న పెర్కిన్‌గారి కుమారుడీయన. ఉతికినను పోని మందు కావలెనను పట్టుదల ఆయనది. 1950వ దశకమున అమెరికాలో ఫాస్ఫరసుగల ఒక సేంద్రియ లవణమును నూలు పోగులో రెసినుగా గట్టిపరచు విధానము వచ్చినది.

ఈ మందులు ఎట్లు పనిచేయును? గుడ్డ మండుచున్నదని మనము అందుము. నిజమునకు మండునది గుడ్డ కాదు. వేడికి సెల్యులోజు విడిపోయి, దానినుండి మండు ఆవిరులు వెలువడును. ఆ ఆవిరులే గాలిలోని ఆక్సిజనుతో కలసి మంటయగును. ఆ మంట వేడి ప్రక్కనున్న గుడ్డను విడగొట్టును. ఈ చక్రమును ఎక్కడో ఒకచోట తెంచవలెను. ఫాస్ఫేటు చేయునది ఇదే. వేడికి అది ఆమ్లమై సెల్యులోజునుండి నీటిని లాగివేయును. అప్పుడు జరుగు చర్యను సులభముగా ఇట్లు వ్రాయవచ్చును: (C₆H₁₀O₅) → 6C + 5H₂O. అనగా మండు ఆవిరికి బదులు నీటియావిరియు, బొగ్గును మిగులును. బొగ్గుపొర లోపలి గుడ్డకు కవచమగును. పంచదారపై గంధకామ్లము పోసినప్పుడు నల్లని బొగ్గు పొంగి వచ్చుట విద్యార్థులు ప్రయోగశాలలో చూచినదే. ఇదియు ఆ కోవకు చెందినదే.

ఏ గుడ్డ ఎంత మండునో కొలుచుటకు 1966లో ఒక కొలత ఏర్పడినది. మంట నిలుచుటకు గాలిలో కనీసము నూటికి ఎన్ని పాళ్ళు ఆక్సిజను కావలెనో ఆ అంకెయే దాని కొలత. నూలునకు సుమారు 18, నైలానునకు 20, పాలియెస్టరునకు 20 లేక 21, ఉన్నికి 25, ఆరమిడ్ అను కృత్రిమ నారకు 28 లేక 29. మన చుట్టునున్న గాలిలో ఆక్సిజను 21 పాళ్ళు. కాబట్టి 21 కన్న చాల తక్కువ అంకెగల నూలు హాయిగా మండును. ఉన్ని తనంతట ఆరిపోవ చూచును. పాత చిన్న విమానములకు ఉన్ని లోకప్పును మెచ్చుకొనుటకు ఇది ఒక కారణము.

ఇక్కడ ఒక మోసము ఉన్నది. పాలియెస్టరు ఒంటరిగా ఉన్నప్పుడు వేడికి కరగి, మంటనుండి వెనుకకు తగ్గును. నూలుతో కలసి నేసినచో, మండు నూలు పోగులు బొగ్గై నిలిచి, కరగిన పాలియెస్టరును దీపపు వత్తివలె పట్టుకొనును. అప్పుడది తప్పించుకొనలేక పూర్తిగా మండును. విడివిడిగా రెండు గుడ్డల గుణము తెలిసినంత మాత్రమున, రెండును కలసిన గుడ్డ గుణము తెలిసినట్లు కాదు. గుడ్డ, జిగురు, స్పంజి కలసిన లోకప్పును, కలసిన రూపముననే పరీక్షింపవలెననుటకు ఇదియే హేతువు.

ప్రాణములు పోయిన పిదప వచ్చిన నిబంధనలు

1940వ దశకమున అమెరికాలో చిన్న విమానములకు వ్రాసిన నిబంధనలు సులభమైనవి. పొగ త్రాగనీయని విమానములో గుడ్డ భగ్గున అంటుకొననిదై ఉండవలెను. పొగ త్రాగనిచ్చు విమానములో గోడలు, లోకప్పు, సీట్ల గుడ్డలు మంటకు ఓర్చునవై ఉండవలెను. అడ్డముగా పట్టిన గుడ్డపై మంట నిముషమునకు 20 అంగుళములకు మించి పాకనిచో మొదటి తరగతి. 4 అంగుళములకు మించనిచో రెండవ తరగతి.

పెద్ద విమానములలో ఇది చాలలేదు. 1973 జూలై 11వ తేదీన బ్రెజిలునుండి పారిసునకు వచ్చుచున్న వారిగ్ సంస్థ బోయింగు 707 విమానములో మరుగుదొడ్డివద్ద నిప్పు పుట్టెను. చోదకులు విమానమును విమానాశ్రయమునకు కొద్ది దూరమున పొలములలో దింపగలిగిరి. అయినను 134 మందిలో 123 మంది మరణించిరి. పెక్కుమందిని చంపినది నేలతాకిడి కాదు, పొగ. 1983 జూన్ 2వ తేదీన ఎయిర్ కెనడా విమానము ఒకటి ఇట్లే నిప్పుతో సిన్సినాటిలో క్షేమముగా దిగెను. తలుపులు తెరచిన నిముషము, నిముషమున్నరలోపల లోపలి ఆవిరులన్నియు ఒక్కసారి భగ్గుమనెను. 46 మందిలో 23 మంది బయటపడలేదు. ఉన్ని, నైలాను, పాలియురిథేన్ స్పంజి కాలినప్పుడు బొగ్గుపులుసు వాయువు కన్న చాల ప్రమాదకరమైన కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సయనైడు కూడ వెలువడును.

ఇప్పుడు పెద్ద విమానముల గుడ్డలకు నిలువు పరీక్ష కలదు. గుడ్డముక్కను నిలువుగా వ్రేలాడదీసి, క్రింది అంచునకు బున్సెన్ దీపపు మంటను 12 సెకనులు తాకింతురు. దీపము తీసిన పిదప 15 సెకనులలో మంట ఆరవలెను. కాలిన పొడవు 8 అంగుళములు, అనగా 20 సెంటీమీటర్లు, దాటరాదు. క్రిందికి రాలిన బొట్లు 5 సెకనులకు మించి మండరాదు. లోకప్పు పలకలకు పరీక్ష ఇంకను కఠినము: మంటను 60 సెకనులు తాకింతురు. తలపై కప్పునకు ఎక్కువ కఠినత్వము ఎందుకు? వేడిగాలి తేలికయై పైకి పోవును. గదిలో ఎచ్చట నిప్పు పుట్టినను మొదట వేడెక్కునది కప్పే. కప్పు అంటుకొన్నచో మండు గుడ్డ, కరగిన ప్లాస్టిక్ ప్రయాణికులపై రాలును. చిన్న విమానములో చోదకుడు ఒక్కడే. అతడు లేచి నిప్పు ఆర్పలేడు, ఆగి దిగిపోలేడు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చూపవచ్చును. శుద్ధమైన నూలు గుడ్డను 3 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవుగల మూడు పట్టీలుగా కత్తిరింపవలెను. 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో 7 గ్రాముల వెలిగారము, 3 గ్రాముల బోరిక్ ఆమ్లము కరగించి, రెండు పట్టీలను అందులో ముంచి ఆరవేయవలెను. ఆరిన పిదప వాటిలో ఒకదానిని నీటిలో బాగుగ ఉతికి మరల ఆరబెట్టవలెను. ఒక్కొక్క పట్టీని పొడవైన పట్టకారుతో నిలువుగా పట్టి, క్రింది అంచునకు మంట చూపవలెను. మందు లేని పట్టీ మండిపోవును. మందు పట్టిన పట్టీ నల్లబడి, దీపము తీయగానే ఆరును. ఉతికిన పట్టీ మందు లేనిదానివలెనే మండును. పెర్కిన్‌గారు పడిన శ్రమ ఎందుకో విద్యార్థులకు అప్పుడు బోధపడును. ఈ ప్రయోగమును ఉపాధ్యాయులే, గాలి ఆడు చోట, ప్రక్కన నీళ్ళ బక్కెటు ఉంచుకొని చేయవలెను. నైలాను, పాలియెస్టరు గుడ్డలను కాల్చరాదు. కరగిన బొట్టు చర్మమునకు అంటినచో ఊడిరాదు.

ఇక మొదటి ప్రశ్నకు రావచ్చును. కారు లోకప్పునకు బజారులో దొరకు, వెనుక స్పంజి అంటించిన గుడ్డ విమానమునకు ఎందుకు పనికిరాదు? అది చూచుటకు బాగుండవచ్చును, చౌకగా ఉండవచ్చును, కుట్టు ఎంతో నేర్పుగా ఉండవచ్చును. కాని అది ఎట్లు మండునో ఎవ్వరును కొలిచి చెప్పలేదు. విమానమునకు వేయు గుడ్డకు మంట పరీక్ష చేసిన కాగితము ఉండును. ఆ కాగితముపై అంకెలు కొన్నే. వాని వెనుక నాటకశాలలలో కాలిన ప్రేక్షకులు, డోపు గదులలో జబ్బుపడిన స్త్రీలు, సిన్సినాటిలో తలుపు వరకు చేరలేకపోయిన ప్రయాణికులు ఉన్నారు.

ఉప్పల్ బాటపై పోవు విద్యార్థి కిటికీనుండి ఆ ప్రయోగశాలల గోడలను చూచినప్పుడు, అచ్చట రాకెట్లు, విమానములు కనిపించవు. నూనె, రెసిన్, జిగురు, పూత: ఇట్టి సామాన్యమైన మాటలే వినిపించును. తన తలపై ఉన్న బస్సు కప్పును కూడ ఒకసారి తేరిచూచి, ఇది దేనితో చేసినది, ఎట్లు మండును అని అతడు ప్రశ్నించుకొన్నచో, రసాయనశాస్త్రము అతనికి పట్టుబడినట్లే.